వాటం సారు సొంత వాకిలి

టేకులపల్లిలో ఏ ఇంటికి వెళ్లినా, ఇచ్చిన గ్లాసెడు మంచినీళ్లలో సగం తాగి, మిగతా సగం వాకిట్లో పోసి, అవి ఎటు పోతాయో చూడకుండా వెంకటరామారావు కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. నీళ్లు గేటు వైపు పారితే ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు. పక్కింటి గోడ వైపు పారితే జాగ్రత్తగా ఉండాల్సినవాళ్లు. ఉన్నచోటే నిలబడిపోతే, పాపం, జాలిపడాల్సినవాళ్లు. మనుషుల గురించి ఇంతకు మించి తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి దిగిపోయాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగాడు గానీ, ఆయన భుజం మీది నుంచి లెవెల్ పైపు దిగలేదు. అది ఇరవై గజాల తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. అందులో నీళ్లు నింపి, చెరో కొసా ఇద్దరు పట్టుకుని నిలబడితే, ఎంత దూరంలో ఉన్నా రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. ఏది మెరకో ఏది పల్లమో ఇక దాచినా దాగదు. పెళ్లిళ్లకు మగవాళ్లంతా కండువా వేసుకొస్తే, ఆయన కండువా మీద ఆ గొట్టం కూడా చుట్టుకొచ్చేవాడు. నీళ్లు సాఫీగా జారిపోవడానికి నేలకు ఇచ్చే ఏటవాలును మేస్త్రీలు వాటం అంటారు. అందుకని ఊరు ఆయనకు 'వాటం సారు' అని పేరు పెట్టింది. ఆ పేరు వింటే ఆయన భార్య సుశీలమ్మకు తల కొట్టేసినట్టుండేది.

కూతురు పద్మప్రియకు వైరాలో సంబంధం చూడటానికి వెళ్లిన రోజు సుశీలమ్మ బస్సులో దారిపొడవునా బతిమాలింది.

"ఏమండీ, ఇయ్యాల ఒక్కరోజు గ్లాసుల నీళ్లు మొత్తం తాగండి. మీకు దండం పెడ్త."

"దాహం ఉన్నంతవరకే గదా తాగేది?"

"దాహం లేకున్నా తాగండి."

సరేనన్నట్టు తలూపాడు. తీరా పెళ్లికొడుకు ఉదయ్ భాస్కర్ వచ్చి నమస్కారం పెట్టేసరికి, కాబోయే మామగారి కుర్చీ ఖాళీగా ఉంది. మామగారు పెరట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెళ్లికొడుకు తల్లి కంగారుపడింది. "అయ్యో, అన్నయ్యగారికి వాంతి గిట్ల అయితుందా?"

సుశీలమ్మకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఐదు నిమిషాలకు ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు. అబ్బాయి చదువేమిటో అడగలేదు, జీతమెంతో అడగలేదు.

"ఈ పెరటికి వాటం పెట్టించిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్ బెదురుతూ. "ముందుగాల నీళ్లన్నీ పక్కింటోళ్ల మీదికి పోతుండె. వాళ్లకు ఇబ్బందని ఇటు మళ్లించిన."

"సుశీలా, ముహూర్తం పెట్టించుకోమను."

తిరుగు బస్సులో సుశీలమ్మ నిప్పులు చెరిగింది. "మీరు చూసింది అల్లుణ్నా, మోరీనా?"

"రెండూ ఒకటేనే," అన్నాడాయన తృప్తిగా.

ఆ అల్లుడు మేలిమి బంగారమని తర్వాత తేలింది. సుశీలమ్మ మనసులో ఒప్పుకుంది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

ఊళ్లో వెంకటరామారావుకు పడనిది ఒక్క వాస్తు. వెనక వీధిలో కిషన్‌లాల్ పంతులు ఇల్లు కట్టుకుంటూ, నీళ్లన్నీ ఈశాన్యానికే పోవాలని వాస్తు చెప్పేవాళ్లు అన్నారని పట్టుబట్టాడు.

"నీ ఇంటికి ఈశాన్యంల ఏమున్నది పంతులూ?"

"గుట్ట ఉన్నది సార్."

"మరి నీళ్లను గుట్ట ఎక్కమంటవా?"

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని చెప్పి, పైపు పట్టి, రెండు రోజుల్లో ఆ వాకిలిని సరిచేసి వచ్చాడు. ఊళ్లో అలా ఆయన చేయి పడిన వాకిళ్లు నూటికి తక్కువుండవు. అయితే ఇంట్లో మాత్రం వాస్తు మాటెత్తేవాడు కాదు. సుశీలమ్మకు నైరుతి మూలంటే ప్రాణం. ఆ మూల ఎత్తుగా ఉండాలి, బరువుగా ఉండాలి, అటునుంచి చుక్క నీరు బయటికి పోకూడదు. పోతే ఇల్లాలికి కీడు. గృహప్రవేశం నాడే ఆమె పాత రుబ్బురోలు, తిరగలి, విరిగిన మంచం కోళ్లు, రెండు బండరాళ్లు అక్కడికి చేర్పించి గుట్ట పోయించింది.

ఇక ఊరందరి నీళ్లకూ దారి చూపిన మనిషి సొంత వాకిలి సంగతికొస్తే, అది జ్యేష్ఠంలో చిత్తడి, ఆషాఢంలో కుంట, శ్రావణంలో చెరువు. ఇల్లు ఐదు మెట్ల ఎత్తున ఉంది కాబట్టి లోపలికి తడి వచ్చేది కాదు. కానీ గేటు నుంచి మెట్లదాకా పరిచిన ఇటుకల మీద సర్కస్ చేస్తే తప్ప సుశీలమ్మ బజారుకు పోగలిగేది కాదు. పాలతను గేటు దగ్గరే నిలబడి, "అమ్మా, పడవ పంపుతరా?" అని కేకేసేవాడు.

ఆరేళ్ల కిందట వీధిలో పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ పోసి రోడ్డును జానెడు లేపారు. అప్పుడు వాకిలి నింపిస్తానని వెంకటరామారావు మాటిచ్చాడు. మాటిచ్చి, నింపడానికి బదులు అడుగు లోతు తవ్వించాడు.

"నింపుతనని చెప్పి తవ్వుడేందండీ?"

"పాత మట్టి తియ్యనిదే కొత్త మట్టి పట్టదు."

పాత మట్టి పోయింది. కొత్త మట్టి రాలేదు. దాని బదులు వాకిలంతా పుల్లలు మొలిచాయి, పుల్లలకు దారాలు వచ్చాయి. రోజూ పొద్దున్నే ఆయన ఆ దారాల మధ్య వంగి, లేచి, కన్ను మూసి, కన్ను తెరిచి, నోట్‌బుక్కులో ఏదో రాసుకునేవాడు.

"సుశీలా! ఈ దారం మీద టవల్ ఎవరు ఆరేసిన్రు?"

"నేనే. దారం ఉండేది అందుకే గదా?"

"రెండంగుళాలు కుంగింది! మళ్ల మొదటికాణ్నుంచి కొలవాలె!"

"టవల్‌కే కుంగేది, గదేం లెక్కండీ?"

ఏటా మొదటి వాన పడగానే ఆయన అనే మాట ఒకటే: "ఈ ఒక్క వానాకాలం చూస్తే లెక్క తేలుద్ది." ఆరు వానాకాలాలు పోయాయి. గోడ అవతల ఖమరున్నీసా ఉండేది. భర్త పోయాక తండ్రి ఇంటికి వచ్చి, ముందు గదిలో నాలుగు మిషన్లు వేసి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతూ, కూతురు జెబాను చదివించుకుంటోంది. ఆమె గోడ మీది నుంచి తల పెట్టి నవ్వేది. "వదినా, అన్నకు దూరపు చూపు మంచిగున్నది. దగ్గరి చూపే లేదు!"

సుశీలమ్మ కూడా నవ్వేసేది. కానీ ఈ ఏడు నవ్వే పరిస్థితి లేదు. పద్మప్రియకు ఏడో నెల. శ్రావణంలో మూడో బుధవారం పుట్టింట్లో శ్రీమంతం. కడుపుతో ఉన్న పిల్లను ఇటుకల మీద నడిపించలేరు. ఫంక్షన్ హాలు మాట్లాడమని పంపితే ఆయన చూసొచ్చి పెదవి విరిచాడు.

"చేతులు కడిగే కాడ వాటం లేదు. ఎంగిలి నీళ్లు వంటకాడికి పోతున్నయి. మన పిల్ల శ్రీమంతం గక్కడనా?"

"మరి ఎక్కడ?"

"మనింట్లనే."

"చెరువులనా?"

"లెక్క తేలుద్దిలే."

ఇలా అని, చర్ల అవతల అడవిలో బడి నడుపుతున్న తన పాత దోస్తు దేవ్లా కబురు పంపితే, ఆ బడి ఆవరణ కొలవడానికి పైపు భుజానేసుకుని బస్సెక్కాడు. శ్రీమంతం ఇంకా తొమ్మిది రోజులుంది. బస్సు మలుపు తిరగగానే సుశీలమ్మ మున్వర్ మేస్త్రిని పిలిపించింది. ఇరవై ఏళ్లుగా ఆయన పైపుకు రెండో కొస పట్టిన మనిషి మున్వరే.

"మేస్త్రీ, రేప్పొద్దున మొరం మట్టి వస్తది. రూప్‌సింగ్‌కు చెప్పిన, ఎనిమిది ట్రాక్టర్లు. సారు వచ్చేసరికి వాకిలి నిండాలె."

మున్వర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సార్‌ను రానియ్యండ్రమ్మా."

"సారు వస్తే లెక్క వస్తది. మొరం రాదు."

"దిమ్మిస రిపేరుకు ఇచ్చిన."

"కట్టెకు బిగించిన ఇనప దిమ్మె. దానికి రిపేరేంది మేస్త్రీ?"

"నడుం నొస్తుందమ్మా."

"నువ్వు కూసో. దిమ్మిస నేను కొడ్త."

అప్పుడే ఫోను మోగింది. అవతల గొంతు కరుకుగా ఉంది. చర్ల దారిలో పోలీసు చెక్‌పోస్టు నుంచి. "అమ్మా, మీ ఆయన్ను ఆపినం. సంచిల గొట్టం, దారాలు, మేకులు, సీసాల నీలం నీళ్లు ఉన్నయి. ఏందని అడిగితే నీళ్లంటడు. నీలంగ ఎందుకున్నయంటే కనపడాలె గదా అంటడు."

సుశీలమ్మ ఫోనుకే దండం పెట్టింది. "బాబ్బాబూ, ఆయన అమాయకుడు! సిరా కలుపుకున్నడు, అంతే! ఇడిచిపెట్టండి."

"ఇప్పుడే ఇడిచేది కుదరదమ్మా. మా క్యాంపు ఆవరణ సగమే అయింది. టెంట్ల కిందికి నీళ్లొస్తుండె. ఇంకో రెండు మూలలు కొలవాలెనంట. రేపు పంపుతం."

సుశీలమ్మ ఫోను పెట్టేసి మున్వర్ వైపు తిరిగింది. "ఇంకో రోజు దొరికింది మేస్త్రీ."

మర్నాడు ఎనిమిదింటికే రూప్‌సింగ్ ట్రాక్టరు గేటు ముందు గుర్రుమంటోంది. వారంగా వాన తెరిపిచ్చి వాకిట్లో చిత్తడే మిగిలింది. వెంకటరామారావు పెళ్లాం అయివుండి గుడ్డిగా మట్టి పోయించడానికి సుశీలమ్మకు మనసొప్పలేదు. మున్వర్ దగ్గరున్న లెవెల్ పైపుతో కొలిచే పోయించాలనుకుంది. ఖమరున్నీసా, జెబా ఇల్లెందు వెళ్లారు. ఆరేళ్ల కిందట ఒక్కసారి వచ్చాయి గానీ, ఆ తర్వాత వాళ్ల ఇంట్లోకి నీళ్లు రావడం సుశీలమ్మ చూడలేదు. కాబట్టి ఆ గడప ఎంత ఎత్తుందో తన వాకిలీ అంత ఎత్తు లేపితే సరిపోతుందని లెక్క కట్టింది.

"మేస్త్రీ, ఆ కొస పట్టుకపోయి ఖమరు గడపకాడ నిలబడు. నేను రోడ్డు అంచున నిలబడ్త."

మున్వర్ నూతిలోకి దిగుతున్నవాడిలా వెళ్లాడు. గొట్టంలో నీళ్లు ఊగి, ఊగి, ఆగాయి. సుశీలమ్మ వంగి చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"సరిగ్గ పట్టినవా?"

"పట్టిన."

"రోడ్డు కంటే వాళ్ల గడపే జానెడు కింద ఉన్నది గదా!"

మున్వర్ గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు.

"మరి రోడ్డు మీది నీళ్లు వాళ్లింట్లకెందుకు పోవు?"

మున్వర్ చూపు గోడ మొదట్లో ఉన్న మందార మొక్కల మీదికి పోయింది. సుశీలమ్మ వెళ్లి కొమ్మలు పక్కకు తీసింది. నేల మట్టానికి, గోడలో మూడు తూములు. ఆకులు అడ్డం పడకుండా వాటికి జల్లెడ వైరు కట్టి ఉంది. జల్లెడ మీద ఒక్క ఎండుటాకు లేదు. రోజూ పొద్దున్నే ఆయన దారాల మధ్య వంగి చేసే పనేమిటో అప్పుడర్థమైంది.

"అవతలి నీళ్లు మన వాకిట్లకు వస్తున్నయా?"

"అవ్ అమ్మా. అటు పల్లం కంటే ఇటు పల్లం ఉంటేనే వస్తయి. అందుకే తవ్వించిండు." మున్వర్ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "కొత్త సీసీ పోసినంక మొదటి వానకే వాళ్ల మిషన్లు మునిగినయి గదా. ఇల్లమ్మి ఖమ్మంల అక్కకాడికి పోత అన్నది. ఆ ఇల్లు వాళ్ల అబ్బాజాన్ నిలబడి కట్టించిండు. పల్లంల కట్టిండని ఎవరన్న అంటే ఆమె తట్టుకోదు. ఆమె ఊరికి పోయినప్పుడు సారు ఈ పని చేయించిండు. అటు దిక్కు గూడ చెట్ల చాటున తూములు కనపడవు. ఆ ఇల్లు నిలబడ్డది, మిషన్లు నడుస్తున్నయి. మీరు ఇది నింపిన్రంటే తెల్లారి ఆమె గడపల నీళ్లుంటయి."

"నాకెందుకు చెప్పలే?"

"మీకు చెప్తే మీరు ఆమెకు చెప్తరని."

కాదనడానికి సుశీలమ్మ నోరు తెరిచింది. అది నిజమేనని తోచి మూసుకుంది.

"సరే, వచ్చిన నీళ్లు ఇక్కడ నిలబడుడెందుకు? వెనక సందుల పెద్ద మోరీ ఉన్నది గదా, దాంట్లకు తియ్యొచ్చు గదా?"

మున్వర్ ఈసారి ఇంటి వెనక్కి చూశాడు. నైరుతి మూల. రుబ్బురోలు, తిరగలి, మంచం కోళ్లు, బండరాళ్లు.

"నీళ్లు పోయే దారి అదొక్కటేనమ్మా. సారు ఓసారి అడిగిండంట. నైరుతిల చుక్క బయటికి పోతే నేను గూడ బయటికి పోతనని మీరన్నరంట."

అన్నది. నిక్షేపంగా అన్నది. అటు పక్కింటి గడప, ఇటు ఇల్లాలి నైరుతి. రెంటిలో దేన్నీ కదపలేక ఆ మనిషి ఆరేళ్లపాటు నడిమధ్యన దారాలు కట్టుకుంటూ గడిపాడు. ఊరంతా నవ్వితే తనూ నవ్వాడు.

రూప్‌సింగ్ హారన్ కొట్టాడు. "అమ్మా, దించాల్నా, తీస్కపోవాల్నా?"

సుశీలమ్మ రోలు వైపు చూసింది. కూతురికి ఏడో నెల. ఇలాంటప్పుడు నైరుతి జోలికి పోవడమా? గోడ అవతల కుట్టుగదిలో మిషన్ల మీద కప్పిన గుడ్డలు కిటికీలోంచి కనబడుతున్నాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపింది.

"మేస్త్రీ, రోలు లేపు."

"అమ్మా! ఇల్లాలికి మంచిగ కాదంటరు గదా?"

"పక్కింటి ఇల్లాలు మునుగుతుంటే ఈ ఇల్లాలికేం మంచిగయితది? లేపు!"

రెండు రోజులు ఆ వాకిట్లో ఆమె గొంతు తప్ప ఇంకో గొంతు వినబడలేదు. తూముల దగ్గర్నుంచి గోడ వెంబడి, నైరుతి గుండా, వెనక మోరీదాకా సిమెంటు కాలువ తీయించి, పైన బండలు పరిపించింది. మిగతా వాకిలంతా మొరం పోయించి, కాలువ వైపు వాలేలా దిమ్మిస కొట్టించింది. మున్వర్ ఎక్కడైనా వేలెడు తగ్గిస్తే, "సారైతే గిట్ల ఒప్పుకునేటోడా?" అని మళ్లీ తవ్వించింది. ఇల్లెందు నుంచి తిరిగొచ్చిన ఖమరున్నీసాకు అదేదో వాకిలి నింపే పనిలాగే కనిపించింది.

మూడో రోజు వెంకటరామారావు దిగాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. కొత్త మొరాన్ని చూశాడు. పరుగున మందారాల దగ్గరికి పోయాడు. తూములు అలాగే ఉన్నాయి. కాలువ వెంబడి నడిచాడు. నైరుతికి వచ్చి, రోలు లేని చోటు చూసి, భార్య వైపు చూశాడు.

"నీ నైరుతి...?"

"మీరు నాకు భయపడ్డరు, నేను నైరుతికి భయపడ్డ. ఆరేండ్లు ఇటుకల మీద నడిచిన. బాగున్నది మన సంసారం!"

ఆయన పైపు విప్పాడు. మున్వర్ రెండో కొస పట్టాడు. గంటసేపు మూల మూలా కొలిచారు. సుశీలమ్మ పదో తరగతి ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా మెట్ల మీద నిలబడింది.

"సుశీలా," అన్నాడు చివరికి. "ముప్పై నాలుగేండ్లు కాలువల మీద పని చేసిన. గింత సాఫు వాటం నాకెన్నడు కుదరలే."

ఆమె పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన నోట విన్న మొదటి మెచ్చుకోలు అది. వాటం గురించే అయినా ఆమె సర్దుకుంది.

శ్రీమంతం నాడు పొద్దుట్నుంచీ కుండపోత. షామియానా కింద యాభై మంది ఆడవాళ్లు పొడి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఖమరున్నీసా పద్మప్రియకు ఆకుపచ్చ గాజులు తొడిగి, నలుగురికీ వినపడేలా అందుకుంది.

"చూసిన్రా! అన్న ఆరేండ్లు కొలిచిండు. వదిన రెండ్రోజులల్ల చేసి పడేసింది. అన్నా, ఇగ ఆ పైపు వదిన చేతికియ్యి!"

ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా వెంకటరామారావు నవ్వాడు. ఒక్క మాటతో ఆయన పరువు నిలబెట్టవచ్చు. ఆ మాట సుశీలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన నవ్వుతూనే, వద్దన్నట్టు ఆమె కళ్లలోకి చూశాడు.

"ఏం చేస్తం ఖమరూ," అంది సుశీలమ్మ, పసుపు చేతులు తుడుచుకుంటూ. "ఈయనను నమ్ముకుంటే అయ్యేటట్టు లేదని నీ గడప చూసే కొలతలు పెట్టుకున్న."

ఖమరున్నీసా ముఖం వెలిగిపోయింది. "అవ్ మరి! మా అబ్బాజాన్ ఊరికే కట్టిండా!"

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. సారు కోసం కాదు, అమ్మ కోసం. తమ వాకిలి ఓసారి చూసిపోవాలట. ఆ తర్వాత మూడేళ్లు, ఆయన పోయేదాకా, ఆమె ఏ వాకిలికి వెళ్లినా పైపు రెండో కొస పట్టుకున్నది ఆయనే. అంత దర్జాగా ఆయన కాలువల శాఖలో కూడా తిరిగి ఉండడు.

మొన్న మొదటి వానకు ఖమరున్నీసా గోడ మీద మోచేతులానించి, కాలువలో గలగలా పోతున్న నీళ్లను చాలాసేపు చూసింది.

"అన్న లాంటి మంచి మనిషిని నేను చూడలే వదినా. ఒక్క లెవెలే తెల్వదు, పాపం."

"అవ్, పాపం," అంది సుశీలమ్మ. నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.